చెరువు పచ్చబడింది, నింద నా మీద పడింది

ఈసారి ఉత్తరం ఒడిశాలోని గజపతి జిల్లా నుంచి వచ్చింది. కాశీనగర్‌కు దగ్గర్లో ఒక పల్లె. పేరూ ఊరూ వేయొద్దన్నారు, వేయడం లేదు. ఆరు పేజీల ఉత్తరం కాబట్టి కుదించి చెబుతున్నాను.

రాసినావిడకు ముప్పై నాలుగేళ్లు. పదిమంది ఆడవాళ్ల పొదుపు సంఘంలో లెక్కలు రాసేది ఆవిడే. సంఘంలో ఆరుగురు ఒడియా వాళ్లు, నలుగురు తెలుగు వాళ్లు. నిరుడు పంచాయతీ చెరువును లీజుకు తీసుకున్నారు. విస్తీర్ణం డెబ్బై డిసిమల్, అంటే మన లెక్కలో డెబ్బై సెంట్లు. శ్రావణంలో బొచ్చె, శీలావతి, మోసు కలిపి రెండు వేల పిల్లల్ని వదిలారు. వంతులు వేసుకుని రోజూ ఐదు కిలోల తవుడు, మూడు కిలోల వేరుశనగ చెక్క వేస్తూ వచ్చారు. కార్తీక పౌర్ణమి మర్నాడు ఛడఖాయి. నెలంతా నీచు మానేసిన ఒడియా ఇళ్లన్నీ ఆ రోజు చేపల మీద పడతాయి. ఆ బేరం చూసుకుని వల వేద్దామని అందరూ అనుకున్నారు.

ఈ ఏడు దసరా నాటికి చేప అనుకున్నంత ఎదగలేదు. ఎవరో చెప్పారని ఆవిడ ఒక్కరే వెళ్లి యాభై కిలోల సూపర్ బస్తా, అంటే సూపర్ ఫాస్ఫేట్ ఎరువు, తెచ్చి ఒక్క పూటలో చల్లేశారు. రెండు వారాలు తిరక్కుండానే చెరువు పచ్చ పెయింటు డబ్బా బోర్లించినట్టు తయారైంది. కార్తీక స్నానానికి దిగిన అత్తగారికి ఒళ్లంతా దురద. "మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో నాడు తెల్లారగట్ల వెళ్లి చూస్తే చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నలభై దాకా తిరగబడి తేలుతున్నాయి. గట్టు మీద తొమ్మిది మంది నావైపే చూస్తున్నారు" అని రాశారు.

ఎరువుల షాపాయన మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చల్లమంటున్నాడు. సంఘంలో ఒకావిడ ఉన్నదంతా ఇప్పుడే పట్టేసి అమ్మేద్దామంటోంది. మిగతావాళ్లు నష్టం మీరే కట్టండి అంటున్నారు. ఇంకో సంగతి ఉంది, అది ఉత్తరం చివర్లో, చిన్న అక్షరాల్లో ఉంది. బావగారి పాకలో నాలుగు గేదెలున్నాయి. పాక కడిగిన నీళ్లు కాలువలో పడి నేరుగా ఆ చెరువులోకే పోతాయి. ఊరందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. ఉమ్మడి కాపురం. భర్త మాత్రం "తప్పు ఒప్పేసుకుని డబ్బు కట్టేయ్, అన్నయ్యతో గొడవ వద్దు" అంటున్నారట. "నిజంగా తప్పు నాదేనా? మందు కొట్టాలా, చేపలు అమ్మేయాలా, చెరువే వదిలేయాలా?" అన్నది ఆవిడ ప్రశ్న.

అమ్మా, తప్పు ఎవరిదన్నది తర్వాత చూద్దాం. ముందు రాత్రి సంగతి. ఉత్తరం అందిన రోజే ఇది మీకు ఫోన్‌లో చెప్పాను. ఇదే అవస్థలో ఉన్న మిగతావాళ్ల కోసం మళ్లీ రాస్తున్నాను.

మీ చేపలు విషం వల్ల చచ్చిపోయాయని సంఘంలో అనుకుంటున్నారు. మీరు రాసిన తీరు చూస్తే అవి ఊపిరాడక పోయినట్టుంది. పచ్చటి నాచు పగలు ఎండలో ప్రాణవాయువును వదులుతుంది. రాత్రి అదే నాచు మీ చేపలతో పోటీపడి ఆ ప్రాణవాయువునే పీల్చుకుంటుంది. అందుకే చెరువులో గాలి అన్నిటికంటే తక్కువుండేది తెల్లవారుజామున, సూర్యుడు రాకముందు. లీటరు నీటిలో ఐదు మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటే బొచ్చె, శీలావతి హాయిగా ఉంటాయి. రెండుకు దిగిందంటే పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. మూడు రోజుల ముసురులో నాచు పగలు సంపాదించింది తక్కువ, రాత్రి ఖర్చు మాత్రం మామూలే. నాలుగో తెల్లవారికి ఖజానా ఖాళీ అయింది.

కాబట్టి మేత ఇవాళ్టి నుంచి ఆపండి. పది రోజులు తవుడు వేయకపోతే చేప చావదు. ఊళ్లో ఎవరిదైనా డీజిల్ ఇంజన్ అద్దెకు తీసుకుని, రాత్రి ఒంటిగంట నుంచి పొద్దు బాగా ఎక్కేదాకా చెరువు నీళ్లనే తోడి చెరువులోకే కొట్టించండి. పైపు మూతి దగ్గర ఒక చెక్కపలకో అరటి బోదో పెడితే నీళ్లు దానికి తగిలి చిందుతాయి. ఆ చిందడంలోనే గాలి కలుస్తుంది. పీల్చే పైపును అడుగు బురదకు తగలనీయొద్దు, అక్కడి నీళ్లు ఇంకా చెడ్డవి. సున్నం చల్లమని ఎవరైనా అంటారు, ఇప్పుడు వద్దు. నాచు దట్టంగా ఉన్న నీళ్లలో మధ్యాహ్నానికి పీహెచ్ 9 దాటిపోతుంది. దానికి సున్నం తోడైతే నీళ్లలో ఉన్న అమ్మోనియా చేపకు ఇంకా విషమవుతుంది. తేలిన చేపల్ని చెరువుకు దూరంగా గోతిలో పూడ్చండి. ఎండబెట్టి అమ్ముదామన్న ఆలోచన ఎవరికైనా వస్తే గట్టిగా వద్దనండి.

ఇంకో చిన్న పని. ఖాళీ నీళ్ల సీసా ఒకటి తీసుకుని, ముప్పావు వంతు చెరువు నీళ్లు పట్టి, మూత బిగించి, కదపకుండా ఒక మూల పెట్టండి. మర్నాటికి ఆకుపచ్చదనం అంతా పైకి తేలి మీగడలా పట్టిందంటే అది నీలి ఆకుపచ్చ నాచు. సయనోబాక్టీరియా అంటారు, అసలు నాచే కాదు, బ్యాక్టీరియా. వీటిలో కొన్ని రకాలు విషాన్ని తయారు చేస్తాయి. అలా కాకుండా అడుగుకు దిగినా, నీళ్లంతా సమానంగా పచ్చగా ఉన్నా మామూలు నాచు, అంత భయం లేదు. మీరు చెప్పిన పెయింటు పోలిక, అత్తగారి దురద చూస్తే మొదటిదే అని నా అనుమానం.

ఇప్పుడు తప్పు సంగతి. లెక్కలు రాసే మనిషి మీరు, అందుకని లెక్కతోనే చెబుతాను.

నాచుకు కావలసిన ముఖ్యమైన తిండి రెండు, నత్రజని, భాస్వరం. మంచినీటి చెరువుల్లో ఎక్కువగా పగ్గం భాస్వరం చేతిలో ఉంటుంది. 1973లో కెనడాలో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం ఒక సరస్సుకు మధ్యలో తెర కట్టి రెండు ముక్కలు చేశారు. రెండు పక్కలా నత్రజని, కర్బనం వేశారు. ఒక్క పక్క మాత్రం భాస్వరం కూడా కలిపారు. ఆ పక్క పచ్చటి ముద్దయింది, రెండో పక్క మామూలు నీళ్లలా మిగిలింది. నీలి ఆకుపచ్చ రకాల్లో కొన్ని నత్రజనిని గాలి నుంచే తెచ్చుకోగలవు. భాస్వరాన్ని గాలి నుంచి తెచ్చుకోవడం దేనికీ చేతకాదు. కాబట్టి మీ చెరువులోకి భాస్వరం ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

మీ సూపర్ బస్తా యాభై కిలోలు. బస్తా మీద 16 శాతం అని ఉంటుంది గానీ అది ఆక్సైడు లెక్క. అసలు భాస్వరం అందులో మూడున్నర కిలోలు. బావగారి నాలుగు గేదెలు రోజుకు అరవై కిలోల పేడ వేస్తాయనుకుందాం. తాజా పేడలో భాస్వరం వెయ్యో వంతు కూడా ఉండదు. అందులో మూడో వంతు కాలువ పట్టినా, పిల్లల్ని వదిలిన ఈ పదిహేను నెలల్లో ఐదారు కిలోలవుతుంది. ఇక తవుడు. తవుడులో భాస్వరం సుమారు ఒకటిన్నర శాతం, చెక్కలో అర శాతం పైచిలుకు. రోజూ మీరు వేసినదాంట్లో తొంభై గ్రాములు భాస్వరమే. ముసురు రోజులు, పండగలు తీసేసి నాలుగు వందల రోజులు వేశారనుకున్నా ముప్పై ఆరు కిలోలు.

మరి చెరువులోంచి బయటికి పోయేదెంత? ఏడు వందల కిలోల చేప పట్టుకెళ్తే దానితోపాటు వెళ్లే భాస్వరం మూడు కిలోలు. తవుడులో ఉన్న భాస్వరం చాలావరకు చేపకు అరగని రూపంలో ఉంటుంది, తిన్న దారినే రెట్టలో బయటికి వచ్చేస్తుంది. నలభై కిలోలకు పైగా జమ, మూడు కిలోలు ఖర్చు. మిగిలిందంతా అడుగు బురదలో నిల్వ ఉంది. అడుగున ప్రాణవాయువు అయిపోయినప్పుడల్లా ఆ బురద దాచుకున్నదాన్ని మళ్లీ నీళ్లలోకి వదులుతుంది.

ఇవి చేతిలెక్కలే. పాక నుంచి వచ్చే మురుగు ఎంతో చూసినవాణ్ణి కాను, కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. వరుస మాత్రం మారదు. అందరికంటే పెద్ద వాటా పదిమందీ వంతులు వేసుకుని, మంచి మనసుతో, రోజూ గుప్పెళ్లతో చల్లిన తవుడుది. దాన్ని ఎవరూ ఎరువు అనుకోలేదు, మేత అనుకున్నారు. అలాగని మీ బస్తా అమాయకురాలు కాదమ్మా. తవుడు మెల్లగా కుళ్లి భాస్వరం వదులుతుంది. సూపర్ ఒక్క పూటలో, నాచు నోటికి అందేలా కరిగిపోయింది. అగ్గిపుల్ల గీసింది మీరే, కట్టెలు పేర్చింది మాత్రం అందరూ. పైగా ఎవరినీ అడగకుండా గీశారు. సంఘం వాళ్ల కోపం సగం అందుకే అని నాకనిపిస్తోంది.

ఇక్కడ నాకు ఒక ముచ్చట గుర్తొస్తోంది. నేను చెరువు గట్ల మీద తిరిగిన రోజుల్లో ఎవరు పిలిచినా మొదట అడిగే మాట, "పళ్లెం ముంచారా?" అని. 1865లో పోపుగారి ఖగోళ శాస్త్రవేత్త ఆంజెలో సెకీ సముద్రంలో తెల్లటి పళ్లేన్ని దింపి, ఎంత లోతుకు కనబడకుండా పోతుందో కొలిచాడు. ఇవాళ్టికీ చెరువుకు అంతకంటే చవకైన డాక్టరు లేడు. పాత స్టీలు పళ్లెం మీద నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలకు ఒకే రంగు వచ్చేలా నల్ల రంగు, తెల్ల రంగు వేయండి. తాడు కట్టి, జానకో ముడి వేయండి. పదకొండు గంటలకు ఎండలో దింపండి. జానన్నర దాకా పళ్లెం కనబడితే నీళ్లలో చేపకు సరిపడా పచ్చదనం ఉందని అర్థం. జాన లోపే మాయమైందంటే ఆ రోజు మేత లేదు, ఎరువు లేదు, రాత్రికి ఇంజన్ సిద్ధం. సూపర్ వేసే ముందు ఈ పళ్లెం ఒకసారి ముంచి ఉంటే మీ చెరువు అప్పటికే పచ్చగా ఉందని తెలిసేది. చేప ఎదగకపోవడానికి కారణం తిండి తక్కువ కావడం కాదు, రాత్రుళ్లు ఊపిరి చాలకపోవడం అని నా అంచనా.

సరే, మీ ముందున్న దారులు.

మైలుతుత్తం. షాపాయన చెప్పింది అబద్ధం కాదు, నాచు చస్తుంది. రెండు రోజుల్లో నీళ్లు తేటపడతాయి కూడా. తర్వాతే అసలు కథ. అంత నాచు ఒక్కసారి చచ్చి కుళ్లిందంటే, ఆ కుళ్లు మిగిలిన ప్రాణవాయువును కూడా తినేస్తుంది. నలభై పోయిన చోట నాలుగు వందలు పోవచ్చు. నీలి ఆకుపచ్చ నాచు చచ్చేటప్పుడు తన లోపలి విషాన్ని నీళ్లలోకి వదిలేస్తుంది. పైగా మైలుతుత్తం మోతాదు నీళ్ల క్షారత్వాన్ని బట్టి మారుతుంది. నీళ్లు మెత్తనివైతే కొద్ది మందే చేపను కూడా చంపుతుంది. నీళ్లు పరీక్ష చేయకుండా మోతాదు చెప్పిన ఏ షాపాయన మాటా వినొద్దు. అన్నీ సరిగ్గా జరిగినా భాస్వరం గ్రాము కూడా బయటికి పోదు, కొన్ని వారాల్లో పచ్చ మళ్లీ వస్తుంది. రాగి మాత్రం బురదలో ఉండిపోతుంది. వేసవిలో ఆ బురద మీకు పనికొస్తుంది, ఆ సంగతి కింద చెబుతాను, కాబట్టి దాన్ని పాడుచేసుకోవద్దు.

మొత్తం ఇప్పుడే పట్టేయడం. కార్తీకంలో చేప ధర ఎలా పడుతుందో మీకు చెప్పాలా? చివరి ఐదు రోజుల పంచుకలో అయితే కొంగ కూడా చేప ముట్టదంటారు ఒడియా వాళ్లు. ధర సంగతి అటుంచి, ఇలాంటి నీళ్లలో పెరిగిన చేపకు మట్టి వాసన పడుతుంది. ఒక చేపను పట్టి, తోక దగ్గర ముక్క కోసి, ఉప్పూ పసుపూ ఏమీ లేకుండా ఆవిరి మీద ఉడికించి వాసన చూడండి. మట్టి వాసన వస్తే ఆ చేపను అమ్మి పేరు పోగొట్టుకోవద్దు. తేట నీళ్లలో కొన్ని రోజులు ఉంటే ఆ వాసన పోతుంది.

మూడోది, కొంత పలచన చేసి మిగతాది నిలబెట్టుకోవడం. నేనైతే దీనివైపే మొగ్గుతాను, నిర్ణయం మీ పదిమందిది. పైన తెట్టు తగ్గి, వాసన పరీక్షలో చేప నెగ్గాక, మూడో వంతు చేపల్ని పట్టి వచ్చిన ధరకు ఇవ్వండి. కడుపులో పేగులూ కాలేయమూ పూర్తిగా తీసేసి వండుకోమని కొన్నవాళ్లకు చెప్పండి. విషం ఉంటే ఎక్కువగా చేరేది అక్కడే. చేపలు తగ్గితే రాత్రి ఊపిరికి పోటీ తగ్గుతుంది. వల మాత్రం తెల్లవారుజామున వేయకండి, అందరూ చేసే పొరపాటు అదే. బురద రేగి, అసలే ఊపిరాడని చేపలు వలలోనే పోతాయి. పదింటి తర్వాత వేయండి. మిగిలినవి ఛడఖాయి దాకా నిలవాలంటే మాత్రం ఇంజన్‌కు డీజిల్ ఖర్చు, రాత్రి కాపలా తప్పవు. ఆ ఖర్చు భరించలేమని సంఘం అనుకుంటే నష్టానికే అమ్ముకోవడం మేలు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

నీళ్లు మార్చే వీలుంటే, అంటే బోరు గానీ మంచి కాలువ గానీ దగ్గర్లో ఉంటే, రోజుకు కొద్ది కొద్దిగా పాతవి తీసి కొత్తవి పెట్టండి. తీసిన నీళ్లు గెడ్డలోకి వదలకండి, మీ బాధ కింది ఊరికి పంపినట్టవుతుంది. వరి కోతకు వచ్చే వేళ మడికీ అక్కర్లేదు. అరటికో కొబ్బరికో పెట్టండి, అదంతా ఎరువు నీళ్లే.

చెరువు వదిలేయడం కూడా ఒక దారే. లీజు ఇంకా ఉంటే వదలకండి అంటాను, ఎందుకంటే నిజమైన మందు వేసవిలో ఉంది. నీళ్లు తోడేసి, అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండనిచ్చి, పై పొర బురదను ట్రాక్టర్లతో పొలాలకు తోలించడం. మన తాతలు ఏటా చేసిన పనే, మనం మానేశాం. మీరు నలభై కిలోల భాస్వరం కొని చెరువు అడుగున దాచారు, దాన్ని తీసి పొలాల్లో పెడుతున్నారన్నమాట. పంచాయతీ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. దానికి ముందు నీళ్లు, బురద నమూనాలు ఆర్. ఉదయగిరిలోని కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి. భువనేశ్వర్ పక్కన కౌసల్యాగంగలో మంచినీటి చేపల పరిశోధనకు కేంద్ర సంస్థే ఉంది, జిల్లా మత్స్యశాఖ వాళ్ల ద్వారా అక్కడి సలహా కూడా అడగొచ్చు.

డబ్బు విషయానికొస్తే, మీ ఉత్తరంలో మీరే గమనించని లెక్క ఒకటుంది. పోయింది నలభై చేపలు. ఒక్కోటి ఆరేడు వందల గ్రాములనుకున్నా పాతిక కిలోలు. పైన అనుకున్న ఏడు వందల కిలోల్లో ఆరు వందల డెబ్బైకి పైగా ఇంకా బతికే ఉంది. సంఘం గొడవ పాతిక కిలోల మీద జరుగుతుంటే మిగతాదంతా రాత్రిపూట నోళ్లు తెరుస్తోంది. ఈ మాట మీటింగులో మొదట చెప్పండి.

మీవారు అన్నట్టు మొత్తం మీరే కట్టేస్తే ఇంట్లో ప్రశాంతంగా ఉంటుంది. కానీ తప్పంతా బస్తాదే అన్న మాట ఊళ్లో స్థిరపడిపోతుంది, వచ్చే ఏడు కూడా తవుడు అలాగే పడుతుంది, చెరువు మళ్లీ పచ్చబడుతుంది. ఏమీ కట్టనని మొండికేస్తే లెక్కలో మీరే గెలుస్తారు, సంఘం మాత్రం చీలుతుంది. అప్పుడు అది తెలుగూ ఒడియా గొడవగా మారడానికి ఎంతోసేపు పట్టదు. అడగకుండా బస్తా వేయడం నా తప్పు అని ఒప్పుకుని, నాలుగు రాత్రుల డీజిల్ ఖర్చు నేను పెట్టుకుంటాననడం మధ్య దారి. మీ చేత్తో రాసిన జమాఖర్చు కాగితం అక్కడే, ఒడియాలోనూ తెలుగులోనూ చదవండి.

బావగారి దగ్గరికి మాత్రం మీరు నేరుగా వెళ్లొద్దు. మీవారిని పంపినా అన్నదమ్ముల మాటగా మారిపోతుంది. పంచాయతీలో పెడితే కాలువ ఆగుతుందేమో గానీ పొయ్యిలు రెండవుతాయి. దురద పడుతున్నది అత్తగారికి. ఆవిడ కొడుకుతో అనే మాటకు ఎదురుండదు. ఆవిడైనా చెరువు పాడవుతోందని మొదలుపెట్టకూడదు. "ఈ పదిహేను నెలల్లో సూపర్ బస్తాన్నర ఎరువు కాలువలో పోగొట్టుకున్నావురా, పాక పక్కన గొయ్యి తవ్వి అందులోకి మళ్లించుకో, నీ మడికే పనికొస్తుంది" అనమనండి. మీ తోటికోడలు పక్కన ఉంటే ఇంకా మంచిది, పాక కడిగేది ఎలాగూ ఆవిడే కదా. ఒకవేళ ఆయన ససేమిరా అంటే కాలువ మూతి దగ్గర చిన్న గట్టు కట్టి చేమ మొక్కలు నాటండి. అంతా ఆగదు గానీ కొంత ఆగుతుంది.

అత్తగారిని ఆ నీళ్లలో ఇంక దిగనివ్వొద్దు. కాచినా ఆ విషం పోదు, గేదెల్ని కూడా తాగనివ్వకండి. ఈ నెలలో గాలి ఈశాన్యం నుంచి కొడుతుంది కాబట్టి తెట్టంతా నైరుతి గట్టుకు చేరుతుంది. స్నానాల రేవు పడమటి వైపు ఉందని రాశారు. ఆవిడ తెల్లవారుజామున ఇంట్లోనే బోరు నీళ్లు పోసుకుని, దీపాలు మాత్రం తూర్పు గట్టు మీద నుంచి వదలమనండి. గట్టు మీదకి వెళ్లినప్పుడు ఎలాగూ చేప పైకొస్తోందో లేదో చూసి మీకు చెబుతారు.